ఎదురెళ్ళే తండ్రులు

కొండ మేత, జూలై 12

ప్రియమైన అనార్కాన్‌కు,

మెలిస్ బండి రేపు బిష్కెక్ వెళ్తోంది, అందుకే ఈ నాలుగు ముక్కలు. గొర్రెలు బాగున్నాయి. గడ్డి మోకాలి దాకా ఉంది.

మొన్న కసీం తాత సంవత్సరీకం విందులో పిల్లలు ఎక్కే మూడేళ్ళ గుర్రాల పందెం జరిగింది. మన ఎర్మెక్ మొదటి నుంచీ ముందున్నాడు. ఆఖరి మలుపులో గుర్రం అలిసింది. అందరు తండ్రుల్లాగే నేనూ నా గుర్రమెక్కి ఎదురెళ్ళాను. వాడి గుర్రం కళ్ళేనికి తాడు తగిలించి, మన వంశం పేరు కేకవేస్తూ, పక్కనే పరిగెత్తిస్తూ లాక్కొస్తున్నాను. అటు తురాత్ తన కొడుకు అదిస్ కోసం ఎదురొచ్చాడు. వస్తూ వస్తూ మన గుర్రం ముఖాన కొరడా ఝళిపించాడు. గుర్రం బెదిరింది. ఎర్మెక్ పడ్డాడు. అదిస్ గెలిచాడు.

బహుమతి పొట్టేలును జీనుకు అడ్డంగా వేసుకుని తురాత్ మన గుడారం ముందు నుంచే వెళ్ళాడు. "జుమాదిల్! నీ వాడికి గుర్రమెందుకురా, గాడిదనెక్కించు. పడ్డా నేల దగ్గర!" అన్నాడు. ఆడవాళ్ళు కూడా నవ్వారు.

ఆగస్టు ముప్పై ఒకటిన మన జిల్లా పట్నంలో స్వాతంత్ర్య దినం పందెం ఉంది. ఆ రోజు వాడి కొడుకు మన్ను కరుస్తాడు. రాసిపెట్టుకో.

ఎర్మెక్ పన్ను సగం విరిగింది. తింటున్నాడు.

నీ
జుమాదిల్


బిష్కెక్, జూలై 20

ప్రియమైన ఎర్మెక్ నాన్నకు,

మీ ఉత్తరం కుట్టు మిషన్ మీద పెట్టుకుని చదువుతుంటే సూది వేల్లో దిగింది. రక్తం తుడుచుకుంటూ కూడా తురాత్‌నే తిట్టాను. వాడి పెళ్ళాం నర్గీజా నిరుడు పదిమందిలో నేను గుర్రప్పాలు పులియబెట్టి చేసిన కుమిస్ నీళ్ళలా ఉందన్నది, అదీ నేను మరిచిపోలేదు. కడుపుమంట మీ ఒక్కరిదే కాదు. వాడి టోపీ ఊడగొట్టండి, ఇక్కణ్ణుంచే చప్పట్లు కొడతాను.

కానీ మీ ఉత్తరంలో గుర్రం అలిసింది, గుర్రం బెదిరింది. ఎర్మెక్ మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళ పిల్లాడు పడితే ఏమీ అనడా? ఏమన్నాడో రాయండి.

ఇంకోటి. వాడికి మరో దెబ్బ తగిలితే ఇక్కడికి తెచ్చుకుంటాను. మా వీధి చివరే బడి ఉంది. నా గదిలో రెండో మంచం ఖాళీ. నేను ఊరికే అనేదాన్ని కానని మీకు తెలుసు.

మీ
అనార్కాన్


కొండ మేత, ఆగస్టు 9

ప్రియమైన అనార్కాన్‌కు,

గుర్రం కోలుకుంది. పొద్దున్నే వాగు దాకా రెండుసార్లు పరిగెత్తిస్తున్నాం. ఎర్మెక్‌కు కొవ్వు, వెన్న మానిపించాను. రెండు కిలోలు తగ్గాడు.

తురాత్ ఎదురొచ్చేటప్పుడు కొడుకునే చూస్తాడు, నన్ను చూడడు. అదిస్ గుర్రం ముక్కు మీద కొరడాతో ఒక్కటి చాలు. దుమ్ములో ఎవరి కొరడా ఎవరిదో దేవుడికే తెలియదు.

ఎర్మెక్ ఏమన్నాడని అడిగావు. నిన్న జీను విప్పుతూ, "నాన్నా, ఈసారి ఎదురు రాకు. నేనొక్కణ్ణే వస్తా" అన్నాడు.

"నేను రాకపోతే వీడికి తండ్రి లేడంటారు" అన్నాను.

"అననీ" అన్నాడు.

గట్టిగా కసిరాను. అప్పట్నుంచీ మాట్లాడటం లేదు. పందెం ముందు పిల్లలు అలాగే ఉంటారు.

నీ
జుమాదిల్


బిష్కెక్, ఆగస్టు 18

ఎర్మెక్ నాన్నకు,

వాడు రావద్దంటే వెళ్ళకండి. పగ మీది, నాది. వాడిది కాదు. అదిస్‌దీ కాదు, వాడికి పదేళ్ళు.

అంతగా కసి తీరకపోతే పందెం అయ్యాక తురాత్‌ను గుర్రం దింపి, నేల మీద నిలబెట్టి, నలుగురిలో కొట్టండి. జైలుకి రొట్టెలు నేను తెస్తాను. పిల్లలు గుర్రాల మీద ఉండగా మాత్రం వద్దు.

అనార్కాన్


కొండ మేత, సెప్టెంబరు 2

ప్రియమైన అనార్కాన్‌కు,

నేను వెళ్ళాను.

అనుకున్నట్టే అయింది. నా కొరడా ముక్కుకు తగలగానే అదిస్ గుర్రం ముందుకాళ్ళ మీద కూలింది. పిల్లాడు దాని తల మీదుగా పడ్డాడు. చెప్పకూడదు గానీ, ఆ క్షణం నాకు తియ్యగా ఉంది. గుర్రం దిగి తురాత్ దగ్గరికెళ్ళి, "ఇప్పుడెక్కించరా గాడిదని" అన్నాను.

అతను కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అదిస్ మెడ పక్క ఎముక విరిగింది. తురాత్ అరవలేదు.

"ఆ రోజు నీ వాణ్ణి పడేసింది నా కొరడా కాదు జుమాదిల్, నీ తాడు" అన్నాడు. "గుర్రం తూలుతుంటే గుంజావు. నేను కొట్టింది నా గుర్రాన్ని. మర్నాడు నీ కొడుకు మా గుడారానికొచ్చి, 'మామా, ఎవరికీ చెప్పకు, మా నాన్న తలెత్తుకోలేడు' అన్నాడు. ఎగతాళి చేశాను, కాదనను. ఆ మాట మాత్రం దాచాను."

నాకు తెలుసు అనార్కాన్. తాడు చేతికి బిగిసింది, గుంజాను, వాడు పడ్డాడు. నీకు రాసేటప్పుడు ఆ ఒక్క ముక్క వదిలేశాను. వదిలేశాక అది జరగలేదని నేనే నమ్మాను.

ఈలోగా ఎర్మెక్ అందరికంటే ముందు గీత దాటాడు. వెనక్కి చూసి, గుర్రం తిప్పుకుని వచ్చాడు. నా దగ్గరికి కాదు, అదిస్ దగ్గరికి. వాడితో పాటు ఆసుపత్రి జీపెక్కాడు. పెద్దలు పొట్టేలు తెచ్చి ఎవరికివ్వాలని అడిగారు. నేను జీపు పక్కన నడుస్తూ, "ఎర్మెక్, నీ బహుమతి" అన్నాను.

"నువ్వే తీసుకో నాన్నా. గెలిచింది నువ్వేగా" అన్నాడు.

అదిస్ ఎముక అతుక్కుంటుందని డాక్టర్ అన్నాడు. నేను వాళ్ళ గుడారానికి వెళ్తే తురాత్ తలుపు మూశాడు. రేపు మళ్ళీ వెళ్తాను.

మెలిస్ బండిలో ఎర్మెక్ నీ దగ్గరికి వస్తున్నాడు. నేను పంపడం లేదు, వాడే తన గుడ్డలు మూట కట్టుకున్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు. దారిలో చదువుకుంటే చదువుకోనీ.

జుమాదిల్