ఫ్లైవీల్ ఓకే

జూన్ 3, మంగళవారం

టీచరమ్మ కారు వచ్చింది. ఐడిల్‌లో వణుకుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే పళ్ళు కూడా టకటకలాడుతున్నాయని ఆవిడ ఫిర్యాదు.

ఏడో క్లాసులో నాకు లెక్కలు చెప్పింది ఆవిడే. నేను మెకానిక్ షెడ్డు పెట్టిన కొత్తలో అందరూ బోర్డు చదివి, లోపల ఆడమనిషిని చూసి, ముందుకెళ్ళిపోయేవాళ్ళు. మొదటి కారు తాళం నా చేతిలో పెట్టింది ఆవిడ. అందుకే ఆ కారు వస్తే మిగతావన్నీ పక్కకి జరుగుతాయి.

పక్క సీట్లో పెద్దాయన, ఆవిడ భర్త. షుగరు ముందు కళ్ళని తినేసింది, తర్వాత కిడ్నీల మీద పడింది. ఇప్పుడాయనకి వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియవు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. ఆ కారు ఉన్నదే దానికోసం.

ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంట్ ఒకటి చీలిపోయి కనిపించింది. దొంగ దొరికాడనుకుని మార్చేశాను. వణుకు సగం తగ్గింది. మిగతా సగం సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

జూన్ 5, గురువారం

మళ్ళీ వచ్చారు. స్కానర్ పెట్టి చూశాను. నాలుగు ఇంజెక్టర్లూ బుద్ధిగా పనిచేస్తున్నాయి. గాలి ఎక్కడా లీక్ కావడం లేదు.

పెద్దాయన చెప్పులు విప్పి, పాదాలు రెండూ కారు ఫ్లోర్‌కి ఆనించి కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్‌లో మెషీన్ నడిపిన మనిషి. ఇది ఇంజన్ వణుకు కాదమ్మాయ్, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో ఏదో లూజుగా ఉంది అన్నారు. టీచరమ్మని క్లచ్ తొక్కమన్నారు, వదలమన్నారు. చూశావా, తొక్కితే శబ్దం మారుతోంది. ఇంజన్ ఆపాక కూడా చివర్లో ఒక దెబ్బ కొడుతోంది, విన్నావా?

వినలేదన్నాను.

విన్నాను.

సోమవారం విప్పి చూస్తాను, ఈలోపు మెల్లగా నడపండి అని పంపేశాను.

అదే రోజు, సాయంత్రం 7

చేసిన రిపేర్లు రాసుకునే పాత జాబ్ కార్డుల పెట్టె దింపాను. పోయిన జూలైలో ఈ కారుకి క్లచ్ మార్చింది నేనే. కార్డు మీద నా చేతిరాత. చివరి గడిలో 'ఫ్లైవీల్ ఓకే'.

ఓకే కాదు. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఈ రకం ఫ్లైవీల్‌లో ఇంజన్‌కీ క్లచ్‌కీ మధ్య తిరిగే రెండు చక్రాలుంటాయి. వాటి మధ్య స్ప్రింగులు ఇంజన్ అదురుని మింగేస్తాయి. ఒక చక్రాన్ని పట్టుకుని రెండోదాన్ని తిప్పితే కాస్త కదలాలి, అంతకు మించకూడదు. ఆ కాస్త ఎంతో కొలవాలి. ఆ రోజు మా పాపకి జ్వరమని స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. చేత్తో తిప్పి చూశాను. కొంచెం ఎక్కువే కదిలినట్టనిపించింది. ఇంకో రెండేళ్ళు లాగుతుందిలే అనుకుని ఓకే రాసి పరిగెత్తాను.

ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. పాతబడింది, అరిగింది అంటే నమ్మేస్తారు.

మా ఆయనకి చెప్పాను. కూరగాయలు తరుగుతూ అంతా విన్నాడు. టీచరమ్మకి ఎప్పుడు చెప్తావ్ అని మాత్రం అడిగాడు.

సోమవారం అన్నాను.

జూన్ 6, శుక్రవారం

సోమవారం దాకా ఆగలేదు.

ఆసుపత్రికి వెళ్తుంటే నాలుగు రోడ్ల కూడలిలో కారు గట్టిగా కుదిపి ఆగిపోయింది. వెనక హారన్లు. టీచరమ్మ ఫోన్‌లో గొంతు పెంచలేదు. బండి కదలడం లేదు, ఆయన మిషన్ టైమ్ అయిపోతోంది అన్నారు, అంతే. నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఒక మెడికల్ షాపు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన ఊపిరందక ఆయాసపడుతుంటే, ఎండ తగలకుండా ఆవిడ కొంగు ఆయన తలకి పట్టారు.

నా కార్లో దింపాను. గంట ఆలస్యం. తర్వాతి పేషెంట్ ఎదురుచూస్తున్నాడని నాలుగు గంటల డయాలసిస్ మూడు గంటలకే ఆపేశారు. తిరిగొచ్చేటప్పుడు, ఒంట్లో నీరు పూర్తిగా తీయక ఉబ్బిన ఆయన పాదాలు చెప్పుల్లో పట్టలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని కారెక్కారు. నా వల్ల నీకు శ్రమ అని నాతో అన్నారు.



జూన్ 7, శనివారం

షెడ్డుకి లాక్కొచ్చిన కారు గేర్‌బాక్స్ దింపాను. చెయ్యి వెయ్యకముందే తెలిసిపోయింది. లోపలి గ్రీజంతా బయటికి చిమ్మి నల్లగా అట్టకట్టింది. చక్రం మీద వేడికి నీలం మచ్చలు. తిప్పితే వదులైపోయిన గడియారం ముల్లులా ఎటంటే అటు పోతోంది. ఈసారి కొలిచాను. ఉండాల్సినదానికి మూడింతలు.

చేతులు కడుక్కుని, జాబ్ కార్డు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను. లోపలికి వెళ్తే ఆవిడ కాఫీ ఇస్తారు, తాగితే చెప్పలేను. పోయిన ఏడాది చూడాల్సింది సరిగ్గా చూడలేదు, చూసినట్టు రాశాను, గురువారం తెలిసి కూడా బండి ఆపకుండా పంపాను అన్నాను.

టీచరమ్మ కార్డు తీసుకుని చదివారు. కళ్ళజోడు తీసి, తుడిచి పెట్టుకుని, మళ్ళీ చదివారు. సరే, వెళ్ళు అన్నారు.

జూన్ 8, ఆదివారం

టీచరమ్మ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు.

జూన్ 9, సోమవారం

పొద్దున ఆరున్నరకే వాళ్ళ గేటు ముందు కారు పెట్టుకుని నిలబడ్డాను. పిలవలేదు కదా అన్నట్టు చూశారు టీచరమ్మ. ఆటో కోసం అప్పటికే చెప్పులేసుకుని ఉన్నారు. పెద్దాయన మాత్రం గొంతు వినగానే అమ్మాయి వచ్చిందా అంటూ, నా కారు తలుపు తడుముకుని ఎక్కేశారు. ఆవిడ వెనక కూర్చున్నారు.  దారిలో పెద్దాయన నా కారు నాలుగో గేర్‌లో కొంచెం మూలుగుతోందని వంక పెట్టారు. నిజమే, మూలుగుతుంది.

జూన్ 11, బుధవారం

ఆసుపత్రి వరండాలో నాలుగు గంటలు, ఒకే బెంచీ మీద. ఈ చివర నేను, ఆ చివర ఆవిడ. మధ్యలో ఆవిడ సంచి.

రెండో గంటలో సంచిలోంచి జాబ్ కార్డు తీశారు. జవాబు తప్పయితే నేనెప్పుడూ కొట్టలేదు, గుర్తుందా అన్నారు. గుర్తుందన్నాను. స్టెప్ ఎగ్గొట్టి జవాబు వేసేస్తే కొట్టేదాన్ని. అదీ గుర్తుందన్నాను.

ఆ రోజు పాపకి జ్వరమని నాకెందుకు చెప్పలేదు అని అడిగారు. మా ఆయన చెప్పాడట. పనిగట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి! ఫ్లైవీల్ రేపు చూస్తానంటే నేను కాదనేదాన్నా అన్నారు. కోపంగానే అన్నారు. కూడలిలో ఆయనకి ఊపిరాడనప్పుడు ఎంత భయపడ్డానో నీకు తెలియదు అన్నారు. ఆయన వినకుండా ఏడవడం తనకి బాగా అలవాటైపోయిందట. అలా అంటూ ఏడ్చారు, చప్పుడు లేకుండా.

సంచి తీసి అటు పెట్టాను. దగ్గరికి జరిగాను.

జూన్ 14, శనివారం

కొత్త ఫ్లైవీల్ వచ్చింది. బిగించేముందు కొలిచాను. బిగించాక మళ్ళీ కొలిచాను. బోల్టులు వరసలో, పుస్తకంలో చెప్పిన బిగువుకి. ప్రతి స్టెప్పూ కార్డు మీద రాశాను. చోటు చాలక వెనక్కి తిప్పి రాశాను.

స్టార్ట్ చేస్తే ఇంజన్ మెత్తగా ఉంది. పెద్దాయన చెప్పులు విప్పి ఫ్లోర్ మీద పాదాలు పెట్టారు.  ఆపమన్నారు, మళ్ళీ స్టార్ట్ చెయ్యమన్నారు, మళ్ళీ ఆపమన్నారు. చివరికి, ఇప్పుడు లోపమేదైనా ఉంటే కూర్చుని వెళ్ళే మనిషిలోనే, బండికేం లేదు అన్నారు.

దిగేటప్పుడు, తను స్టీరింగ్ పట్టుకుని ఆరేళ్ళయిందని, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు.

జూన్ 22, ఆదివారం

ఊరవతల ఖాళీ మైదానం. కనుచూపు మేర మనిషి లేడు. డ్రైవర్ సీట్లో పెద్దాయన. పక్కన నేను, చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద. ఫస్ట్ గేర్. కుడికి, ఎడమకి అని చెప్తున్నాను.

టీచరమ్మ భయంతో ఎక్కనన్నారు. దూరంగా నిలబడ్డారు. మూడో రౌండ్‌లో ఆపమన్నట్టు చెయ్యెత్తారు.

ఎవరో ఆవిడ లిఫ్ట్ అడుగుతోంది అన్నాను.

చూడ్డానికి ఎలా ఉంది అని పెద్దాయన అడిగారు.

చాలా బాగుంది అన్నాను.

బ్రేక్ వేశారు.