చంద్రకాంత గింజలు

2006 ఏప్రిల్, మంగళవారం

పై క్వార్టర్ పంజాబీ ఆవిడ ఇచ్చిన చంద్రకాంత గింజలు కుండీల్లో వేసి పదిహేను రోజులైంది. ఒక్కటీ మొలవలేదు. ఓర్వలేక వేయించి ఇచ్చిందేమోనని అనుమానం. పొద్దున అడిగితే, “పానీ డాలో ఆంటీజీ, నికల్ ఆయేగా” అని, నీళ్లు పోస్తే అదే మొలుస్తుందని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సాయంత్రం ఒక గింజ తవ్వి కొరికాను. నోరు మండింది. మిరియం! చూపుకు రెండూ ఒకటే, డబ్బాలూ ఒకటే. అయితే పూలగింజలు వంటింట్లోనే ఉన్నాయి. మనవడికి జలుబని కోడలు మధ్యాహ్నం ఆ డబ్బాలోవే నూరి చారు కాచింది.

“చారు ఘాటుగా ఉందా నాన్నా?” అని వాణ్ణి అడిగాను.

“బిల్కుల్ నహీ నానమ్మా, అస్సలు లేదు.”

అప్పటి నుంచీ వాడి పొట్ట తడిమి చూస్తున్నాను. విషమో ఏమో. కోడలు తిడితే తిట్టనీ, వెళ్లి వాళ్ల గది తలుపు తట్టి చెప్పేస్తాను.