చుక్కల పలక పేరు

నవంబరు 4, మంగళవారం, ఉదయం

నా పేరు కాగితాల్లో ఒకటుంది, దాంతో పిలిచేవాళ్ళు పోయారు. ఈ మెట్ల మీద తిరిగేవాళ్ళంతా నన్ను రంపం అంటారు. నా ముందు అనరు. వయసు డెబ్బై దాటింది. మూడో అంతస్తులో గదిన్నర ఇల్లు, అందులో నేను, మా అమ్మాయి. నాకు కళ్ళున్నాయి, చదువు లేదు. దానికి చదువుంది, రెండో క్లాసులో జ్వరమొచ్చి కళ్ళు పోయాయి. మీ ఇద్దరూ కలిస్తే ఒక మనిషి అని మెట్లు కడిగే ఆవిడ అంటుంది. ఒకటిన్నర అని నేను దిద్దుతాను.

నేను చెబుతున్నాను, అమ్మాయి టైపు చేస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోను. రేపు ఎవరైనా వచ్చి అడిగితే ముసలిది మాట మార్చింది అనిపించుకోకూడదు. అందుకే ఏ రోజుది ఆ రోజే.

విషయం ఏమిటంటే, చుక్కల పలక చచ్చిపోయింది. జానెడున్నర పొడవుంటుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే తెర మీది అక్షరాలు దీని మీద చుక్కలుగా లేస్తాయి, అమ్మాయి వేళ్ళతో చదువుకుంటుంది. అది గీజర్ల కంపెనీలో కంప్లయింట్ల ఫోన్ ఎత్తుతుంది. చెవిలో కస్టమరు, వేళ్ళ కింద తెర. కంప్యూటర్‌ని కూడా చెవిలోనే చదవమంటే రెండు గొంతులు కొట్టుకుని ఏదీ తలకెక్కదు. నిన్న సాయంత్రం ఫోన్ మధ్యలో చుక్కలు పడుకున్నాయి. మళ్ళీ లేవలేదు.

రోజంతా అది అందరినీ అడిగేది ఒకటే. మీ గీజర్ మోడల్ ఏమిటండీ, కింద స్టిక్కర్ చూసి చెప్పండి అని. ఇప్పుడు తన పలక మోడల్ ఏమిటో తనకే తెలియదు. దాన్ని తెచ్చి తగిలించి వెళ్ళిన మనిషి ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేడు. పని చేస్తున్నంతకాలం దాని పేరు ఎవరికి కావాలి.

నవంబరు 5

పలక ఇచ్చిన ట్రస్టుకి ఫోన్ చేశాం. మేము ఇవ్వడం వరకేనమ్మా, రిపేరు కంపెనీవాళ్ళు చూస్తారు అన్నాడు ఆఫీసరు. ఏ కంపెనీ అంటే, వస్తువు మీదే ఉంటుంది చూసుకోండి అన్నాడు. వస్తువు మీద మీ ప్లేటే ఉంది కదయ్యా అని నేను పక్కనుంచి కేకేశాను. ఆ ప్లేటు మాత్రం కదపకండి, అది ఊడితే వస్తువు వెనక్కి తీసుకుంటాం, రూల్ అన్నాడు.

ప్లేటు సంగతి చెప్పాలి. పలక కడుపు నిండా అతికించిన ఇత్తడి రేకు. అమ్మాయి ఫోన్ కెమెరా పెడితే ఫోన్ పైకి చదివింది. దాత, దాత నాన్నగారు, అమ్మగారు, తాతగారు, ఆఖరి వరసలో బావమరిది. శుభలేఖలో కూడా ఇంతమంది ఉండరు. బావమరిదికి చోటుంది, పలక పేరుకి లేదు.

నవంబరు 6

చార్జర్ మీద ఏదైనా రాసి ఉంటుందేమో అంది అమ్మాయి. ఉంది. ఫోన్ గడగడా చదివింది. ఆ కంపెనీకి చేస్తే చాలాసేపు పాట, పాట తర్వాత మనిషి. మర్యాదస్తుడే. మా పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసుకుని, మేము చార్జర్లు మాత్రమే చేస్తామండీ, అవి దేనికి తగిలిస్తారో మాకు తెలియదు అన్నాడు. అన్నం వడ్డించేవాణ్ణి పట్టుకుని పొలం ఎవరిదని అడిగినట్టయింది మా పని.

సాయంత్రం కంప్యూటర్ షాపుకి వెళ్ళాం. షాపువాడు తగిలించి చూస్తే, అసలేమీ తగిలించనట్టే ఉంది తెర. విప్పితే లోపల ఏదైనా రాసి ఉంటుందేమో అని స్క్రూడ్రైవర్ తీశాడు. విప్పింది మళ్ళీ బిగించడం వచ్చా నాయనా అన్నాను. నవ్వాడు. పలక లాక్కుని వచ్చేశాను. మీ అమ్మగారు గట్టి మనిషండీ అన్నాడట వెనక నుంచి. ఈ ముక్క టైపు చేస్తూ అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

నవంబరు 7

మేనేజర్ సోమవారం దాకా చూస్తానన్నాడట. తర్వాత ఆ కుర్చీ ఇంకొకరిది.

నవంబరు 8

కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. అమ్మాయి ఉత్త బల్ల అంచు మీద వేళ్ళు ఎడమ నుంచి కుడికి పోనిస్తూ కూర్చుంది. ఏం చదువుతున్నావే అంటే ఏమీ లేదమ్మా అంది. కాసేపటికి, పోనీలే, ఈ ఉద్యోగం రాకముందు బతకలేదా అంది.

బతికావు. మూల కూర్చుని కవర్లు అంటించుకుంటూ బతికావు. నీ గొంతు నాకు తప్ప ఎవరికీ తెలియకుండా బతికావు. ఇప్పుడు నీ మాట విని ఎక్కడెక్కడివాళ్ళో వేడినీళ్ళు పోసుకుంటున్నారు. పోనీలే అంటే పోయేది కాదు అది.

ఇవన్నీ గట్టిగానే అన్నాను. అది కూడా టైపు చెయ్యమన్నాను.

నవంబరు 9, ఆదివారం, సాయంత్రం

ఇది నా ఒక్కదాని పని. అమ్మాయిని కింది వాటా టైలర్ దగ్గరికి కొలతలివ్వమని నేనే పంపించాను. ఇది టైపు చెయ్యనంది. చెయ్యి అన్నాను.

వేడినీళ్ళలో ముంచిన గుడ్డ గట్టిగా పిండి ప్లేటు మీద కప్పాను. కాసేపాగి కూరగాయల కత్తి మొన అంచు కిందికి దూర్చాను. బావమరిది వైపు నుంచి మొదలుపెట్టాను. చెయ్యి జారితే పలక పోతుంది, జారకపోతే ప్లేటు పోతుంది. ప్లేటే పోయింది. కింద తెల్ల స్టిక్కర్ ఉంది. దాని తోలు సగం జిగురుతో పాటు ఊడొచ్చింది. అది చూసి గోడకి ఆనుకుని కూలబడ్డాను.

అమ్మాయి వచ్చాక చెప్పాను. ఊడినచోటు వేళ్ళతో తడిమింది. తర్వాత ఫోన్ కెమెరా పెట్టింది. ఫోన్‌కి ఏమీ కనపడలేదు. నాకు కనపడుతోంది. కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టి చూస్తే, ఊడినచోట కూడా సిరా నీడ మిగిలి ఉంది.

అప్పుడు అది ఆఫీసు గొంతు పెట్టింది. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. కంగారు పడకండి మేడమ్, మొదటి అక్షరం ఎలా ఉందో నా అరచేతిలో గీయండి అంది. గీశాను. ఒక్క మెట్టున్న నిచ్చెన. నెలలు నిండిన మనిషి. నిలబెట్టిన కొడవలి. వంకర గీస్తే, పర్వాలేదండీ, ఇంకోసారి, మెల్లగా అంది. రెండో క్లాసు దాకా చూసిన ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కొక్కటీ గుర్తుపట్టింది. గీతలన్నీ అయ్యాక కంపెనీ పేరు, మోడల్ గబగబా పైకి చదివి, సహకరించినందుకు ధన్యవాదాలు మేడమ్ అంది. ఆ చెయ్యి వదలడానికి నాకు కాసేపు పట్టింది.

నవంబరు 10, సోమవారం

ఆఫీసులు తెరిచే వేళకే ఆ కంపెనీకి ఫోన్ చేశాం. మోడల్ చెప్పగానే అవతలి ఆవిడ, అది మాదేనండీ అంది. ఆ ముక్క కోసం ఎంతమంది గడప తొక్కాం.

రెండు చివర్ల మీటలూ నొక్కిపట్టి స్విచ్ వెయ్యండి, నేను చెప్పేదాకా వదలకండి అంది. ఏమీ కాలేదు. మళ్ళీ అంది. ఏమీ కాలేదు. బస్సు వేళయిపోతోంది. వేరే చార్జర్ పెట్టి చూడండి అంది. ఫోన్‌ది పీకి పెట్టాం. ఈసారి పలక దోసిట్లో పట్టిన పిట్టలా రెపరెపమంది. చుక్కలన్నీ లేచాయి.

ఏం రాసుందే అన్నాను. వాళ్ళ కంపెనీ పేరేనమ్మా అంది, అప్పటికే చెప్పులు వెతుక్కుంటూ.

అదే రోజు, సాయంత్రం

ట్రస్టు ఆఫీసరుకి ఫోన్ చేయించి చెప్పాను. పీకింది నేను, అమ్మాయి కాదు. దాచుకుని బతకడం నాకు రాదు. గురువారం వస్తాను, వస్తువు సిద్ధంగా ఉంచండి అన్నాడు.

నవంబరు 13, గురువారం, పొద్దున్నే

ఆఫీసరుకి. ప్లేటు తోమి గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టాను, పట్టుకెళ్ళు. నువ్వు వచ్చేసరికి పలక ఆఫీసులో మా అమ్మాయి వేళ్ళ కింద ఉంటుంది. లైన్లో ఎవరో గీజర్ కిందికి వంగి స్టిక్కర్ వెతుక్కుంటూ ఉంటారు. వెళ్ళి, ఆ వేళ్ళు తియ్యమని నువ్వే అడుగు.

రంపం, వేలిముద్ర.
సాక్షులు: కింది వాటా టైలర్, సంతకం. మెట్లు కడిగే ఆవిడ, ఆవిడదీ వేలిముద్రే.