పక్కకు వాలిన తలకట్లు

బోర్డులమ్మకు నీ ఆయన ప్రేమతో రాసేది,

ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. అక్కడ నువ్వూ, మీ తమ్ముడి ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మాయికి దగ్గు తగ్గింది, కానీ మందు తాగమంటే ఇల్లు పీకి పందిరేస్తోంది. వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను తల్లీ. నా వంట నేనే తింటున్నానంటే నాకెంత ఓపికో చూడు.

నిచ్చెన ఎక్కేటప్పుడు మీ తమ్ముణ్ణి కింద గట్టిగా పట్టుకోమను. దారిన పోయేవాళ్లతో కబుర్లాడే రకం వాడు.

కొత్త బజారులో రాసిన బోర్డుల ఫోటోలు పంపనా అని అడిగావు. అక్కర్లేదు, చూశాను. మొన్న మా అక్షరాల కంపెనీ మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఎవరో తీసి పంపిన ఆ బోర్డుల ఫోటోల్ని బల్ల మీద పరిచాడు. "చూడండి మాస్టారూ, మీరు కంప్యూటరు కోసం గీసిన అక్షరాల్ని ఎవడో బోర్డుల మీద దించేస్తున్నాడు. వాణ్ణి వదలకూడదు" అన్నాడు. మా ఆవిడ బోర్డులు రాస్తుందని అతనికి తెలియదు. నిచ్చెన మీద నిలబడి రాసి రాసి పక్కకు వాలిన ఆ తలకట్లు నాకు తెలియవా?

కంప్యూటరు అక్షరాలకు కొత్త రూపు కావాలని ఆఫీసులో నా ప్రాణం తీస్తుంటే, భోజనాల బల్ల మీద కాగితం పరిచి అక్షరాలన్నీ కుంచెతో రాసిచ్చింది నువ్వే కదా. నీ పేరు వెయ్యమననా అంటే, "నీదైతేనేం, నాదైతేనేం? ముందు గిన్నెలు తియ్యి" అన్నావు. మన ఇంట్లో అది నిజమే. కంపెనీ ఒప్పందంలో మాత్రం ఉద్యోగి గీసిందంతా కంపెనీ సొత్తు. ఇప్పుడు వాళ్ల పేరున రిజిస్టరు కూడా అయిపోయింది.

అసలు సంగతి ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. ఆ అక్షరాలు పూర్తిగా నా సృష్టి అనీ, నీ బోర్డులు వాటికి నకలనీ నేను ప్రమాణపత్రం మీద సంతకం చెయ్యాలట. చేస్తే నువ్వు దొంగవు. చెయ్యనంటే నా ఉద్యోగం పోతుంది, పరాయి పని నాదని చెప్పి కంపెనీకి అంటగట్టానని నా మీదే కేసు. తెలిసిన లాయరును అడిగాను. "ముందు ఎవరు రాశారో రుజువు కావాలి. మీ ఆవిడ పాత బోర్డులేమైనా ఉన్నాయా?" అన్నాడు. ఎక్కడివి? ప్లాస్టిక్ బోర్డులొచ్చాక అన్నీ పీకి పారేశారు. "అయితే ఆవిడకు మిగిలిన రుజువు మీరే" అన్నాడు. మేనేజరు రోజూ కలం తీసి నా ముందు పెడుతున్నాడు. కళ్లజోడు మర్చిపోయానని బొంకి బయటపడుతున్నాను. ఇలా ఎన్నాళ్లు? ఎటు చూసినా గోడే. నిజంగా భయమేస్తోందే.

అందుకే ఈ నాలుగు మాటలు స్పష్టంగా రాస్తున్నాను. ఆ అక్షరాలు నీవి. నేను ఈ ఉద్యోగంలో చేరకముందే నీ చేతిలో ఉన్నవి. నీ రాత ముందు పెట్టుకుని నేను గీశాను. ఈ ఉత్తరం చించెయ్యకు, లాయరుకివ్వు. అక్కడ పెట్టని సంతకం ఇక్కడ పెడుతున్నాను. ఆ తర్వాత నన్నేం చేస్తారో చెయ్యనీ.

ఫోటోలో చెప్పుల దుకాణం బోర్డు సగంలోనే ఉంది. నిచ్చెన దిగొచ్చెయ్యకు. పూర్తి చెయ్యి.

ఇట్లు,
నీ రాత చూసి గీసిన
నీ మొగుడు