పది సెకన్ల నడక

మిర్యాలగూడ,
ఆగస్టు 4.

చిరంజీవి కృపారాణికి,

పెద్దనాన్న దానియేలు ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ పెద్దమ్మ జానమ్మా క్షేమం. అక్కడ నీ క్షేమం మీదే నాకు అనుమానం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నిన్న చేశాను. ఆరు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో నాలుగు నిమిషాలు "హలో", ఒక నిమిషం "వినిపిస్తుందా", మిగిలింది నీ నవ్వు. ఉత్తరాన్ని "సిగ్నల్ లేదు పెద్దనాన్నా" అని మధ్యలో కట్ చేయలేవు గనుక, ఇకమీదట మన మాటలన్నీ తపాలాలోనే.

ఆ ఆరు నిమిషాల్లో నాకు అర్థమైన ముక్క ఒక్కటే. నువ్వు సూర్యాపేటలో మోడలింగ్ నేర్చుకుంటున్నావు. కోదాడలో మీ నాన్న డేవిడ్ "బీఈడీ చెయ్యనంటే మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగు చూసుకునే పనిలో పెడతా" అని కూర్చుంటే, "అదేదో కంప్యూటర్ చదువట, ఆరు నెలలు ఆగరా, పూచీ నాది" అని అడ్డం పడింది నేను. మోడలింగ్ అంటే ఏమిటో నేను పేపర్లో చూశాను. సగం బట్టలు కట్టుకుని పిల్లిలా నడవడం. మా ఇంటి పిల్లి ఏ కోర్సూ చేయకుండానే నడుస్తోంది.

తిరుగు టపాలో సంజాయిషీ రావాలి.

సగం ఆశీస్సులతో (మిగతా సగం సంజాయిషీ చూశాక),
దానియేలు, రిటైర్డు హెడ్మాస్టరు.

తా.క.: పక్కింటి పెద్దయ్యకు ఈ సంగతి చెప్పాను. లైన్‌మన్‌గా రిటైరైన మనిషి, ఆయనకేం తెలుసు! "మంచిదే కద సార్, పాప టీవీల కనబడ్తది" అన్నాడు. స్తంభాలెక్కీ ఎక్కీ బుర్ర పైనే మరిచిపోయి దిగినట్టున్నాడు.

*

సూర్యాపేట,
ఆగస్టు 10.

పెద్దనాన్నకూ పెద్దమ్మకూ కృప వందనాలు.

సగం ఆశీస్సులు భద్రంగా అందాయి. పోస్టులో ఏమీ తగ్గలేదు.

మోడలింగ్ అంటే నేను నడవడం కాదు పెద్దనాన్నా. కంప్యూటర్‌లో మట్టిబొమ్మ చేసినట్టు ఒక మనిషిని చేసి, ఆ మనిషిని నడిపించడం. నేను రోజంతా కుర్చీలోనే ఉంటాను. నడక మరిచిపోయే ప్రమాదం ఉందిగానీ, పిల్లినయ్యే ప్రమాదం లేదు.

మా రమేష్ సార్ ఆఖరి పరీక్ష ఇప్పుడే చెప్పేశారు. ఎవరికి వారు తమకు తెలిసిన మనిషిని ఎంచుకుని, అచ్చం అలాంటి క్యారెక్టర్‌నే తయారు చేసి, పది సెకన్లు నడిపించాలి. నడక నిజంగా ఉంటేనే పాసు. పాసైతే హైదరాబాద్‌లో ఒక స్టూడియోకు నా పేరు పంపిస్తారు. లేకపోతే నాన్న ఉన్నాడు, లారీలున్నాయి.

క్లాసులో కొందరు హీరోలను ఎంచుకున్నారు, కొందరు రాక్షసులను ఎంచుకున్నారు. నేను మిమ్మల్ని ఎంచుకున్నాను. ఇద్దరూ ఒకేచోట దొరుకుతారు కదా!

మీ క్యారెక్టర్ ఇంకా పూర్తి కాలేదు. ప్రస్తుతానికి తల ఉంది. లోపల ఏమీ లేదు.

మిగతా సగం కోసం ఎదురుచూస్తూ,
కృప.

తా.క.: మీ ముక్కుకు మూడు రోజులు పట్టింది. ముఖంలోని మిగతా భాగాలన్నిటికీ కలిపి ఒక పూట.

*

మిర్యాలగూడ,
ఆగస్టు 17.

చిరంజీవి కృపకు,

నా క్యారెక్టర్ ఇంకా పూర్తి కాలేదా? అమ్మా, ఎన్నో వందల మంది పిల్లలకు క్యారెక్టర్ బాగుందని సర్టిఫికెట్ రాసిచ్చిన చెయ్యి ఇది. ఆ చేతి యజమాని క్యారెక్టర్‌ను మా డేవిడ్ కూతురు సూర్యాపేటలో కూర్చుని దిద్దుతోంది. కలికాలం అనేవాళ్లను చూసి ఇన్నాళ్లూ నవ్వాను.

సరే, ఎంచుకున్నావు, కాదనను. ఆదివారం ప్రార్థన అయ్యాక నలుగురికీ చెప్పాను కూడా. నేను ఏదో సినిమాలో వేస్తున్నానని అర్థం చేసుకున్నారు. దిద్దబోయాను గానీ, అప్పటికే ఇద్దరు కరచాలనం చేశారు. ఇచ్చిన చేతిని వెనక్కి తీసుకోవడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ముప్పావు ఆశీస్సులతో,
పెద్దనాన్న.

తా.క.: "తల ఉంది, లోపల ఏమీ లేదు" అన్న వాక్యం మీ పెద్దమ్మ రెండుసార్లు పైకి చదివింది. "పిల్లకు చదువు బాగానే వంటబట్టింది" అంది.

*

సూర్యాపేట,
సెప్టెంబరు 6.

పెద్దనాన్నకు వందనాలు.

శుభవార్త. మీకు ఎముకలు వచ్చాయి. బొమ్మ కదలాలంటే లోపల ఎముకలు పెట్టి, ఏ ఎముక కదిలితే చర్మంలో ఏ భాగం కదలాలో ఒక్కొక్కటీ చెప్పాలి. చెప్పడంలో చిన్న పొరపాటు జరిగింది. మీ మీసం మోకాలికి అతుక్కుంది. అడుగు వేసినప్పుడల్లా మీసం ముఖం వదిలేసి మోకాలి వెంట పోతోంది. క్లాసంతా నిలబడి చూశారు.

బట్టలు వచ్చే వారం వేస్తాను. బట్ట ముడతలు పడటం ఇంకా నేర్పలేదు. అంతవరకు మీరు ఇలాగే తిరుగుతుంటారు.

ఇప్పుడు మీ సహాయం కావాలి. మీరు నడుస్తుండగా పెద్దమ్మ ఫోన్‌లో వీడియో తీయించి పంపండి. ఇన్నేళ్లూ మీరు కనిపించగానే పారిపోవడమే తప్ప, మీ నడకను ఆగి చూసింది లేదు.

మీ కృప.

తా.క.: కంగారు పడకండి. బట్టల్లేకపోయినా కళ్లద్దాలు పెట్టాను.

*

మిర్యాలగూడ,
సెప్టెంబరు 12.

కృపారాణికి,

ఆశీస్సులు నిలిపివేయడమైనది.

కళ్లద్దాలు పెట్టిందట! మొత్తం ఒంటికి ఆ రెండు అద్దాలు చాలని ఏ సారు చెప్పాడు? క్లాసులో నోటితో చెప్పకుండానే పిల్లలు నిశ్శబ్దమయ్యే హెడ్మాస్టరును నేను. నన్ను పిల్లలందరి ముందు దిగంబరంగా నిలబెట్టి, మీసం మోకాలికి కట్టి ఊరేగిస్తావా? ముడతలు పడకపోతే పోనీ, ఇస్త్రీ బట్టలే వెయ్యి. నేనెప్పుడు ముడతల చొక్కా వేశాను?

వీడియో పంపిస్తున్నాను. తెల్ల పంచె, కొత్త చెప్పులు, చేతిలో బైబిలు. మీ పెద్దమ్మ నాలుగుసార్లు తీసింది. మూడుసార్లు ఆమె వేలే కనిపించింది.

పెద్దనాన్న.

తా.క.: ఈ ఉత్తరం అందిన మరుక్షణం బొమ్మకు బట్టలు వేయాలి. ఏదీ కుదరకపోతే లుంగీ. లుంగీ ఏ కంప్యూటర్‌కైనా వస్తుంది.

*

సూర్యాపేట,
సెప్టెంబరు 19.

పెద్దనాన్నకు వందనాలు.

వీడియో ఒక్క నిమిషంలో వచ్చింది. దాన్ని వివరించే ఉత్తరం అయిదు రోజులకు వచ్చింది. ఆ అయిదు రోజులూ నేను లుంగీ సంగతి తెలియక ఊరికే ఉన్నాను. ఇప్పుడు పంచె, చొక్కా వేశాను. మీసం కూడా ఇంటికి చేరింది.

అసలు చిక్కు నడకతో వచ్చింది. వీడియో చూసి రమేష్ సార్ ఏమన్నారో ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "గీ సారు నడుస్తలేడమ్మా, జెండా వందనం చేస్తున్నడు. మనిషి కెమెరా ముంగట గిట్లనే ఉంటడు. ఎవ్వరు సూస్తలేరనుకున్నప్పుడు ఎట్ల నడుస్తడో గది కావాలె నాకు."

కాబట్టి మీకు తెలియకుండా తీసిన వీడియో కావాలి. ఈ మాట మీకే రాస్తున్నాను గనుక, దయచేసి మీకు తెలియనట్టే ఉండండి. అక్టోబరు పదో తారీఖు ఆఖరు. నడక కుదరకపోతే లారీలే.

కృప.

తా.క.: నడుస్తూ మీరు మధ్యలో కెమెరా వైపు తిరిగి "వస్తున్నానా?" అని అడిగారు. మీ సొంతం అనిపించింది అదొక్కటే.

*

మిర్యాలగూడ,
సెప్టెంబరు 26.

చిరంజీవి కృపకు ఆశీస్సులు (పూర్తిగా).

నువ్వు అడిగినట్టే సహజమైన వీడియో పంపిస్తున్నాను. ఉదయం పాల ప్యాకెట్ కోసం వెళుతుండగా వెనకనుంచి తీసింది. ముఖం నీ దగ్గర ఎలాగూ ఉంది. తెలియకుండా తీశారు గనుక నాకు దీని గురించి ఏమీ తెలియదు.

ఇంతకంటే రాయవలసింది లేదు.

పెద్దనాన్న.

తా.క.: ఏమీ లేదు.

*

సూర్యాపేట,
అక్టోబరు 13.

పెద్దనాన్నకు వందనాలు.

పాసయ్యాను! రమేష్ సార్ పది సెకన్ల నడకను మూడుసార్లు వేయించుకుని చూశారు. "ఇగ గిది మనిషి నడక. పానం ఉన్నది దీంట్ల" అన్నారు. స్టూడియోకు నా పేరు వెళ్లింది. నాన్నకు ఫోన్ చేస్తే "సరేలే" అన్నాడు. అంటే సంతోషించినట్టే.

ఈ ఉత్తరం రాస్తున్నది మాత్రం అందుకు కాదు.

వీడియోలో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు ఉంటాయి. మీ నడకను అచ్చం దించాలని ఒక్కొక్క బొమ్మనూ ఆపి చూశాను. మీరు ఎడమ కాలి మీద పద్నాలుగు బొమ్మలసేపు నిలబడుతున్నారు. కుడి కాలి మీద తొమ్మిదే. కుడి పాదం ఆనగానే ఒళ్లు ఒకపక్కకు ఒరుగుతోంది, వెంటనే ఎడమ కాలు పరుగెత్తుకొచ్చి బరువు తీసుకుంటోంది. మొదట నా తప్పేమో అనుకుని ఎముకలన్నీ మళ్లీ పెట్టాను. అయినా అంతే. ఆ కుడి కాలు మీకు నొప్పిగా ఉంది పెద్దనాన్నా. చాలా నొప్పిగా ఉంది. మీరు ఎవరికీ చెప్పడం లేదు.

దవాఖానకు వెళ్లండి. ఈ ఒక్కసారి నేను నవ్వడం లేదు.

మీ కృప.

తా.క.: పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను. తపాలా మీద నాకు అంత నమ్మకం లేదు.

*

మిర్యాలగూడ,
అక్టోబరు 24.

చిరంజీవి కృపారాణికి,

పెద్దనాన్న తలవంచుకుని రాస్తున్నది.

నువ్వు ఫోన్ పెట్టేసిన పావుగంటకు మీ పెద్దమ్మ నన్ను ఆటో ఎక్కించింది. ఎక్స్‌రేలు తీశారు. డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ కాళ్లకేం సార్, ఇంకో ఇరవయ్యేళ్లు ఢోకా లేదు" అన్నాడు. పక్కన మీ పెద్దమ్మ దేవునికి స్తోత్రం చెబుతోంది. నాకేమో చెమటలు పడుతున్నాయి.

ఎందుకంటే ఆ వీడియోలో నడిచింది నేను కాదు.

తెలియనట్టు నడవడం నా వల్ల కాలేదమ్మా. రెండు రోజులు ప్రయత్నించాను. ఎంత తెలియనట్టు ఉందామన్నా ఛాతీ తనంతట తానే పైకి లేచింది. అవతల నీ గడువు దగ్గరపడుతోంది. ఒకనాడు పెద్దయ్య పాలకు పోతుంటే, వెనకనుంచి ముసలివాళ్లందరూ ఒకటేలే అని నేనే ఫోన్ పట్టుకుని తీశాను. పరీక్ష హాల్లో చీటీలు దాచినవాళ్లను జీవితమంతా చెవి పట్టుకుని లేపిన మనిషిని, ఈ వయసులో పక్కవాడి కాలు చూసి కాపీ కొట్టాను.

దవాఖాన నుంచి తిన్నగా ఆయన ఇంటికే వెళ్లాను. "పెద్దయ్యా, కుడి కాలికి ఏమైంది?" అన్నాను. "గదేం లేదు సార్, చెప్పులు కరుస్తున్నయ్" అన్నాడు. కాళ్లకు చెప్పులే లేవు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు, అప్పటికి మూడు వారాల కింద బాత్‌రూంలో జారి పడ్డాడట. "బిడ్డలకు చెప్తే పరేషాన్ అయితరు. నడుస్తనే ఉన్న కద" అన్నాడు. రోజూ ఉదయం ఆయనతో గంటసేపు మాట్లాడతాను. అంటే నేను మాట్లాడతాను, ఆయన నిలబడి వింటాడు. నిలబడిన కాలు ఏదో ఒక్కనాడూ చూడలేదు.

మళ్లీ ఆటో, మళ్లీ ఎక్స్‌రే. తుంటి దగ్గర ఎముకలో సన్నని పగులు. ఇంకొన్నాళ్లు అలాగే నడిస్తే రెండు ముక్కలయ్యేదట, మంచమే గతి అయ్యేదట. మర్నాడే ఆపరేషన్ చేసి మరలు బిగించారు. ఇప్పుడు బాగున్నాడు. "ఎవరు కనిపెట్టారు?" అని డాక్టరు అడిగితే "మా అమ్మాయి, సూర్యాపేటలో మోడలింగ్ చేస్తుంది" అని గర్వంగా చెప్పాను. ఆయన నా వంక అదోలా చూశాడు. వివరించే ఓపిక లేక వదిలేశాను.

మీ నాన్న కూడా కోదాడ నుంచి చూడటానికి వచ్చాడు. సంగతంతా విన్నాడు. చివరికి "అన్నయ్యా, బొమ్మలాటనుకున్నాను. ఇదంతా ఎముకల చదువని నాకేం తెలుసు? దాన్ని ఎక్స్‌రే కోర్సులో చేర్పిద్దాం" అన్నాడు. కాబట్టి నీ తరఫున నేను మళ్లీ పూచీ పడ్డాను. ఈసారి గడువు పెట్టనివ్వలేదు.

మీ రమేష్ సార్‌కు విడిగా ఉత్తరం రాశాను. తప్పు నాది, శిక్ష నాకు, మార్కులు అమ్మాయికి అని. ఆయన పాసు చేసింది మనిషి నడకను. అది మనిషి నడకే, కాకపోతే మనిషి వేరు.

ఆశీస్సులతో. ఈసారి కొలత లేదు.
పెద్దనాన్న దానియేలు.

తా.క.: నువ్వు పంపిన పది సెకన్ల సినిమా పెద్దయ్యకు మంచం మీదనే చూపించి, చేసిన నేరం ఒప్పుకున్నాను. పంచె కట్టుకున్న నా బొమ్మ ఆయనలా కుంటుకుంటూ పోతుంటే నాలుగుసార్లు చూశాడు. కుట్లు లాగుతున్నాయని తుంటి పట్టుకుని మరీ నవ్వాడు. నేను క్షమించమన్నాను. "గదేంది సార్, మరలు బిగించినంక డాక్టర్ సాబ్ నాకు కొత్త నడక నేర్పుతుండు. పాతది నాకెందుకు? మీరే ఉంచుకోండ్రి" అన్నాడు.