శుక్రవారం నాలుగింటిలోగా

మార్చి 4, సోమవారం

విదేశాంగ శాఖలో మా డైరెక్టర్ పాక్ సుగెంగ్ ఆరు డెస్కులకూ ఒకేసారి ఫైలు పంపాడు. బర్మా సరిహద్దులో ఆన్‌లైన్ మోసాల ముఠాల చేతిలో చిక్కిన మన ఇండోనేషియా కుర్రాళ్లు పంతొమ్మిది మందిని అక్కడి సైనిక ప్రభుత్వం విడిపిస్తుందట. బదులుగా థిరిని అప్పగించాలి. అలా ఎక్కడా రాయలేదులెండి. "పాస్‌పోర్టు రద్దయిన విదేశీయురాలి నివాస అనుమతిని పొడిగించనవసరం లేదు" అని రాశారు.

అభ్యంతరం ఉంటే శుక్రవారం నాలుగింటిలోగా రాసి పంపాలి. ఎవరూ రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మా పద్ధతే అంత. మొహం మీద కాదనే మొరటుతనం జకార్తాలో మాకు లేదు.

మానవ హక్కుల డెస్క్ నాది. రాయాల్సింది నేనే.

మార్చి 5

థిరి ఇక్కడి బర్మా ఎంబసీలో సెకండ్ సెక్రటరీగా ఉండేది. అక్కడ సైన్యం గద్దెనెక్కిన వారమే నిరసనగా మూడు వేళ్లెత్తి ఫొటో పెట్టింది. ఉద్యోగం పోయింది, పాస్‌పోర్టు పోయింది. మూడేళ్లుగా ఈ ఊళ్లోనే తెబెత్ పేటలో అద్దె గదిలో ఉంటూ ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఉండమన్నది మేమే. ప్రజాస్వామ్యం మీద పెద్దవాళ్లకు ప్రసంగాలు రాసినప్పుడల్లా, పేరు తీసేసి ఆమె కథే వాడుకున్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

అభ్యంతరం నాలుగు పేరాలు వచ్చింది. రేపు పంపుతాను.

మార్చి 6, ఉదయం 9:20

గేటు దగ్గర ఇబు వార్తి అని ఒకావిడ ఆపింది. పంతొమ్మిది మందిలో ఒకడి తల్లి. ఇంద్రమాయు నుంచి బస్సులో వచ్చింది. కొడుక్కి కరెంటు షాకులు పెడుతున్న వీడియో చూపించింది. నేను సగంలోనే మొహం తిప్పుకున్నాను, ఆమె చివరిదాకా చూసింది. వెళ్తూ, పెద్దవాళ్లకు దణ్ణం పెట్టినట్టు, నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. మా అమ్మ వయసుంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం 2:00

పాక్ సుగెంగ్ కాఫీకి పిలిచాడు. మా అమ్మాయి పరీక్షల గురించి అడిగాడు, వానల గురించి మాట్లాడాడు. ఫైలు ఊసే లేదు. నేను లేచాక మాత్రం మెల్లగా అన్నాడు.

"విలువలు నాకూ ఉన్నాయమ్మా లారస్. పంతొమ్మిది మంది తల్లులకు ఫోన్ చేసి ఆ మాట నువ్వే చెబుతావా?"

నాలుగు పేరాలు రెండయ్యాయి.

మార్చి 7

థిరి ఫోన్ చేసింది. అనుమతి కాగితం ఇంకా రాలేదేమని అడిగింది. ఇంకా చూస్తున్నారని చెప్పాను. అబద్ధం కాదుగా. పారిపొమ్మని చెప్పొచ్చు. పాస్‌పోర్టు లేని మనిషి ఎక్కడికని పోతుంది?

"నువ్వున్నావు కదక్కా, నాకేం భయం" అంది.

ఒళ్లు మండింది. నన్ను నమ్మమని ఎవరు చెప్పారు ఈ పిల్లకి?

మార్చి 8, శుక్రవారం, 3:10

రెండు పేరాలు ఒక్క వాక్యమయ్యాయి. 'మానవ హక్కుల డెస్క్ దీన్ని అంగీకరించదు.' ఇక కొట్టేయడానికేమీ లేదు.

లీగల్ డెస్క్ రాసే ఉంటుంది. వాళ్ల దగ్గర నాకంటే గట్టి కారణాలున్నాయి.

3:40

లీగల్ డెస్క్ అమ్మాయి తలుపు దగ్గరికొచ్చి, రాశానా అని అడిగింది. నేనెలాగూ రాస్తానని తను రాయలేదట. నవ్వాను. ఆ నవ్వు చూసి నిశ్చింతగా వెళ్లిపోయింది.

4:01

అందరూ ఒప్పుకున్నారు.

మార్చి 13

థిరిని ఈ ఉదయం పంపేశారు. ఎయిర్‌పోర్టు నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి 19

పంతొమ్మిది మందీ దిగారు. ఇబు వార్తి కొడుకు చిక్కి సగమయ్యాడు. ఆవిడ ముందు వాడి చెంప మీద ఒకటి కొట్టింది, తర్వాత మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమూ వేసింది, నిజంగానే. అదీ రాసుకోవాలి. మరి అది కూడా నాదేగా.

ఏప్రిల్ 22

థిరికి ఇరవై ఏళ్ల జైలు. మన తరఫున ప్రకటన రాసిమ్మన్నారు. 'తీవ్ర ఆందోళన' అని రాశాను.

ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేదు.