ముగ్గుతో గీసిన కోర్టు

8 మార్చి 1948, జగ్గయ్యపేట

నందిగామ నుంచి నాన్న బస్సులో పంపించారు — రెండు టెన్నిసు బ్యాట్లు, నాదీ ఆయనదీ. పాత దుప్పట్లో చుట్టి, తాడు బిగించి. ఆయనకి మోకాళ్ళు పట్టేశాయిట, ఇక ఆడరట. బంతులు నాలుగు, బొచ్చంతా ఊడిపోయి. నా పెళ్ళయిన పదకొండేళ్ళకి ఈ బ్యాటు ముట్టుకున్నా. పిడి మీద నా వేళ్ళ మరకలు ఇంకా అలాగే ఉన్నాయి.

మామగారి కంట పడకుండా బియ్యం బస్తాల వెనక దాచా. అత్తగారి కంట పడనే పడింది. "ఏవిటే రాజ్యం ఇది, జల్లెడా?" అన్నారు.

11 మార్చి

నైజాం వైపు నుంచి బళ్ళు రావడం మానేశాయి. మిరపకాయల గొడౌను ఖాళీ. మామగారూ మా వారూ బజారు కొట్లోనే కూర్చుంటున్నారు, దీపాలు పెట్టాక గానీ రారు. పిల్లలు బడికి. వెనక పెరడంతా నాదే.

గొడౌను గోడకేసి కొట్టా. మొదటి బంతి పక్కింటి దొడ్లోకి పోబోయింది. కాసేపటికి చెయ్యి అందుకుంది. ఏడుపొచ్చింది... ఎందుకో తెలీదు. తెలుసు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు, చేతిలో చేటతో. అయిపోయింది నా పని అనుకున్నా. "ఏదీ, నన్నొకటి కొట్టనీ" అన్నారు.

15 మార్చి

బ్యాటు అట్లకాడలా పట్టుకుంటారు. అట్టు తిరగేసినట్టే కొడతారు. బంతి నెత్తిమీదికి లేస్తుంది. "మణికట్టు తిప్పకండి అత్తయ్యా" అన్నా. "ముప్ఫయ్యేళ్ళు అట్లు పోసిన చెయ్యే ఇది. ఇవాళ నువ్వు చెప్తే వింటుందా?" అన్నారు. నవ్వలేక చచ్చా. ఈ ఇంట్లో ఇంత గట్టిగా ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు.

24 మార్చి

వల కట్టాం. రెండు రాటలు, మధ్య తాడు, తాడు మీద వరసగా గోతాలు. గీతలు అత్తగారే వేశారు — ముగ్గుతో. తాడు పట్టి గీసినట్టు తిన్నగా. ఊరికే ఉండలేక నాలుగు మూలలా నాలుగు పువ్వులు కూడా పెట్టారు. టెన్నిసు కోర్టుకి పువ్వులేవిటండీ అంటే, "ముగ్గన్నాక పువ్వుండదూ" అన్నారు. ఎవరైనా చూసినా ముగ్గనుకుంటారు. అదీ మంచిదే.

లెక్క కూడా ఆవిడదే. ఫిఫ్టీను, థర్టీ అనడానికి నోరు తిరగదట. ధాన్యం కొలిచినట్టు — ఒకటి అనకుండా లాభం, రెండు, మూడు. పది వచ్చినవాళ్ళది ఆట.

2 ఏప్రిల్

ఇవాళ నా నోటిదూల.

నందిగామ క్లబ్బులో మున్సిఫు గారి భార్యకి ఆట నేర్పిన సంగతి చెప్పా. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. "పెద్దవాళ్ళు, రెండు మూడు వదిలెయ్యమ్మా" అనేవారు నాన్న. మర్నాడు కోర్టులో మున్సిఫు గారి ముందు వాదించాల్సింది ఆయనేగా. వదలడం కూడా ఓ విద్యే. బంతి వల మీద జానెడెత్తున పోవాల్సింది, వేలెడు కిందికి కొట్టాలి, అయ్యో అనాలి. రెండేళ్ళు నేర్పా, రెండేళ్ళూ ఓడా. నా పెళ్ళికొచ్చి వెండి కుంకుమభరిణె చేతిలో పెట్టి, "నీకింకా సాధన కావాలమ్మా" అని దీవించింది మహాతల్లి.

అత్తగారు నవ్వుతారనుకున్నా. నవ్వలేదు.

"అయితే నాకూ వదులుతున్నావా?"

"అబ్బే, అదేం లేదండీ" అన్నా. వదులుతూనే ఉన్నా మరి.

9 ఏప్రిల్

వదులుతున్నానని పట్టేశారు అత్తగారు. బ్యాటు అరుగు మీద పెట్టేసి కూర్చున్నారు. "పుట్టింట్లో నాన్న మాట, ఇక్కడ మీ మామయ్య మాట. ఇన్నేళ్ళలో నా అంతట నేను గెల్చుకున్నది ఒక్కటి లేదు. ఒక్క ఆట గెలిస్తే చాలు నాకు. అది నిజంగా గెలవాలి. నువ్వు విసిరేస్తే ఏరుకోను. నా మీద ఒట్టెయ్యి."

ఒట్టు వేశా.

10 ఏప్రిల్

పది — రెండు. పాపం. భోజనాల దగ్గర అత్తగారు గరిటె పట్టుకుని మణికట్టు సరిచూసుకుంటున్నారు.

26 ఏప్రిల్

ఎనిమిది దాకా వచ్చారు. ఎండలు ముదిరాయి, గొడౌను నీడ పడ్డాక గానీ ఆడలేం. పరుగు అందుకున్నారీవిడ. భయం వేసింది — నాకు!

3 మే

రాయాలని లేదు. రాయకపోతే ఊపిరాడదు.

తొమ్మిది — ఎనిమిది. తొమ్మిది ఆవిడవి. ఒక్కటొస్తే ఆట ఆవిడది. ఒట్టు గుర్తుంది నాకు. కానీ ఆ బంతి కొట్టింది ఒట్టు కోసం కాదు. ఓడిపోతానని ఒళ్ళు మండింది. నందిగామలో రెండేళ్ళు మింగిన ఉక్రోషమంతా భుజంలోకి వచ్చింది. ఎడమవైపు మూలకి, పువ్వు మీదికి, బలం కొద్దీ కొట్టా.

పరిగెత్తారు. కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడ్డాయి. పడ్డారు. మోకాలి దగ్గర చప్పుడు... వల ఇవతలికి వినిపించింది.

నేను దూకి వెళ్ళేసరికి పళ్ళబిగువున ఓర్చుకుంటున్నారు. "ముందు ముగ్గు చెరుపు" అన్నారు. చెరిపా. ఆవిడ అక్కడ నేలమీద ఉండగా బిందెలు బిందెలు నీళ్ళు పోసి, చీపురుతో ఊడ్చి, గోతాలు విప్పి, బ్యాట్లు దాచి — అప్పుడు పిలిచా కొట్లోవాళ్ళని.

4 మే

కోడలు పెరట్లో నీళ్ళొలకబోసి అత్తగారిని జారేలా చేసింది. ఊరంతా ఇదే మాట. మా వారు కూడా, "కాస్త చూసుకోవద్దూ" అన్నారు. మాట పడతా. ఇంకా అనండి.

9 మే

వీరులపాడు నుంచి కట్లు కట్టే ఆయన్ని పిలిపించారు. కర్రలు పెట్టి బిగించి కట్టాడు. నడుస్తారట గానీ ఇక పరుగులవీ పనికిరావట.

"ఈ వయసులో దానికి పరుగెందుకూ!" అని మామగారు నవ్వారు. అత్తగారు నావైపు చూశారు. నేను మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోయా.

15 మే

తల దువ్వుతుంటే అడిగారు. "రాజ్యం, ఆ బంతి కావాలనే కొట్టావా?"

"లేదండీ. చెయ్యి జారింది."

దువ్వెన పట్టుకున్న చేతిని పక్కకి తోసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. కోపం కాదది. కోపమైతే బాగుండేది.

16 మే

కాఫీ ఇస్తే తీసుకుంటున్నారు, అంతే.

28 మే

ఇప్పటికి తట్టింది నా మట్టిబుర్రకి. ఆవిడకి కావలసింది క్షమాపణ కాదు. కావాలనే కొట్టానని వినాలి. గెలవడానికి, సమఉజ్జీ మీద కొట్టినట్టు కొట్టానని. చెయ్యి జారిందంటే అదీ విసిరేసిన బంతే అయింది కదా.

2 జూన్

రజాకార్ల భయానికి నైజాం సరిహద్దు దాటి చిల్లకల్లు మీదుగా వచ్చినవాళ్ళు రెండు కుటుంబాలకి గొడౌనిచ్చారు మామగారు. మంచిపనే చేశారు. పెరట్లో పొయ్యిలు పెట్టుకున్నారు. వల ఉన్నచోట దండెం. ఒక ముసలమ్మ వల రాటొకటి పీకి వంటచెరుకు చేసింది. కాదనడానికి నాకు నోరేదీ.

10 జూన్

మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు. కర్ర పట్టుకుని అత్తగారు వెనక గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. పొయ్యిలవైపు చూస్తున్నారు.

"కావాలనే కొట్టానండీ" అన్నా. "మీరు గెలిచేస్తారని కొట్టా."

ఆవిడ అటే చూస్తూ — "లోపల పడ్డదా, బయటా? నేను చూళ్ళేదు, పడ్డానుగా."

నేను చూశా. ఆవిడ పడుతుంటే నా కళ్ళు ఆవిడ మీద లేవు, బంతి మీద ఉన్నాయి. అదే నన్ను తినేస్తోంది. పువ్వు దాటి నాలుగు వేళ్ళవతల పడింది బంతి.

"బయటండీ. ఆట మీదే. పది మీకు."

మొహం వెలుగుతుందనుకున్నా. ఒక్క క్షణం వెలిగిందేమో కూడా. అంతలోనే నావైపు తిరిగి, ఎంతో ప్రేమగా, "నాకూ వదిలి, నా చేతా భరిణె ఇప్పించుకుంటావుటే?" అన్నారు.

"కాదత్తయ్యా, నిజంగా బయటే. నా పిల్లల మీదొట్టు."

"పిల్లల మీద ఒట్టేంటే, తప్పు. సర్లే. కాఫీ పెట్టు."

కర్ర చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. నేను అక్కడే నిలబడ్డా, ఆ మూల ఎక్కడుండేదో వెతుకుతూ... కనపడలేదు. చీపురుతో బాగానే ఊడ్చానప్పుడు.